మాయ

మే నెల. కరూ ఎడారి గట్టు. సున్నాకి నాలుగు కింద.
సదర్లండ్ ఊరి పైన, గుట్ట మీద
అద్దపు గిన్నెను ఆకాశం కింద పట్టి
రాత్రి పని చేస్తాను నేను.
దిగువన, ముళ్ళకంచె అవతల
ఒక లాంతరు వంగుతూ లేస్తూ తిరుగుతుంటుంది.
అది నాన్న.
గొర్రెలు ఈనే కాలం. ఆయనకీ రాత్రి పనే.

నొమ్‌ఫూండొ తెర మీద వేలు పెట్టింది.
"ఇదిగో, ఈ చెయ్యి చివర."
పక్కింటి గెలాక్సీ.
పక్కిల్లంటే, వెలుగు కోటిన్నర ఏళ్ళు నడిచేంత.
మెలి తిరిగిన చేతుల పొడుగునా నీలం నలుసులు,
ఇక్కడ నాలుగు, అక్కడ నలభై,
ఒకదాన్నొకటి ఒరుసుకుని.
"నీలంగా ఉందంటే పసిది."
"పసిదంటే?"
"ముప్పై లక్షల ఏళ్ళు."
రాసుకున్నాను.

కొన్నింటి చుట్టూ ఇంకా ఎర్రటి పొర.
పుట్టించిన మబ్బునే లోపల్నుంచి తోసి, చించి
తలలు బయట పెడుతున్నాయి.
దాన్ని హైడ్రోజన్ అనాలని నాకు నేర్పారు.
నాన్న చూస్తే మాయ అంటాడు.
ఇంకా మాయ ఊడలేదు,
ముందు ముక్కు తుడవండి, అంటాడు.

బరువైనవే ముందు పోతాయట.
సూర్యుడికి యాభై రెట్లున్నది
ఇంట్లో ఉన్న కట్టెలన్నీ ఒకేసారి పొయ్యిలో పెట్టేస్తుంది.
మూణ్ణాళ్ళ ముచ్చట.
మన బక్క సూర్యుడేమో
పుల్ల పుల్లా లెక్కపెట్టి కాల్చే పిసినారి.
గుంపులకీ ఆయుష్షు తక్కువే.
మబ్బు చెదిరితే పట్టు తప్పి, ఎక్కడివక్కడ.
"వీటిని శిశుమరణాలంటాం,"
కాఫీ కలుపుతూ అంది నొమ్‌ఫూండొ.
మామూలు గొంతే.
కప్పులో చెంచా మాత్రం చాలాసేపు తిరిగింది.

నాన్న నడుముకి ఒక తోలుపట్టీ ఉంటుంది.
బతికిన పిల్లకో గాటు.
పోయిన పిల్లకి గాటుండదు.
ఎన్ని పోయాయని యజమాని అడిగితే
టోపీ సర్దుకుంటాడు.

తెల్లవారుజామున లెక్క వేసుకున్నాను.
దారి కోటిన్నర. బతుకు ముప్పై లక్షలు.
"అయితే ఈ నీలం పెద్దవన్నీ..."
"ఎప్పుడో పోయాయి."
"మరి దేనికి లెక్కపెట్టడం?"
ఆమె గోపురం తలుపు మూసే మీట నొక్కింది.
ఇనుము కదిలే చప్పుడులో ఏదో అంది.
పుట్టాయి కదా, అన్నట్టు వినబడింది నాకు.

గుట్ట దిగేసరికి గడ్డి మీద మంచు గట్టిపడి ఉంది.
దొడ్డి మూల నాన్న మోకాళ్ళ మీద కూర్చున్నాడు,
చేతులు మోచేతుల దాకా ఎర్రగా.
రాత్రి చచ్చిన పిల్ల తోలు ఒలిచి
తల్లి లేని పిల్లకి చొక్కాలా తొడుగుతున్నాడు,
కాళ్ళ దగ్గర పురికొసతో ముడి వేసి.
పిల్ల కన్న తల్లి దగ్గరికి మెల్లగా తోశాడు,
తన పిల్ల కాని దాన్ని.
గొర్రె వాసన చూసింది.
వెనక్కి తగ్గింది. మళ్ళీ చూసింది.
మేమిద్దరం ఊపిరి బిగబట్టాం.
తోక ఊపుకుంటూ పిల్ల పొదుగు వెతుక్కుంది,
గొర్రె కదలకుండా నిలబడింది.

నాన్న చాకు తీశాడు, పట్టీ వైపు చూశాడు,
నా వైపు చూశాడు.
"సానా, ఇది ఏ పిల్ల కింద రాయను?"
నా జేబులో ఆరువందల పన్నెండు ఉన్నాయి,
అన్నిటికీ గాటు పెట్టినవి.
జవాబు మాత్రం లేదు.