జారిపోయిందన్నారు

బోర్త్ ఊరికి ఒకటే వీధి.
ఇటు సముద్రం, అటు బురదనేల,
మధ్యలో మేం, తీగ మీద ఆరేసిన బట్టల్లా.
మా ఆయన ఇద్వాల్ ముప్పయ్యేళ్లు
రైలు సిగ్నళ్లు చూసుకున్నాడు.
రిటైరైన వారానికి ఒక యంత్రం కొని
ఆటుపోట్ల పట్టిక వంటింటి గోడకి అంటించాడు.
అప్పట్నించి మా ఇంట్లో
అన్నం వేళ చంద్రుడు చెబుతాడు.

ఫోన్ మోగుతుంది. ఎవరిదో ఏడుపు గొంతు.
ఈయన చెవి మీది పెన్సిలు తీస్తాడు.
ఎప్పుడు? ఏ మెట్ల దగ్గర?
నీళ్లు మోకాలి దాకానా, నడుం దాకానా?
ఏ చెయ్యి?
చన్నీళ్లకు వేళ్లు చిక్కిపోతాయి.
క్రీము రాసుకున్న వేలికి ఉంగరం చుట్టపుచూపు,
ఎప్పుడు లేచి వెళ్తుందో చెప్పదు.

బంగారానికీ బీరు డబ్బా మూత కొక్కేనికీ
యంత్రంలో ఒకటే కూత.
అందుకని అన్నిటికీ వంగాలి.
రాత్రి ఆ మోకాళ్లకి మందు రాసేది నేను,
తిట్టేదీ నేనే.
కిటికీలో జాడీ నిండింది:
గేలాల సీసపు గుండ్లు, మొహాలు అరిగిన నాణేలు,
బొమ్మకారు ఇరుసు,
ఎవరూ వెతుక్కుంటూ రాని ఒక బంగారు పన్ను.
ఉంగరం మాత్రం జాడీ ఎక్కదు.
దొరికిన పూటే ఇచ్చెయ్యాలి,
పరాయి ఉంగరాన్ని మనింట్లో నిద్ర చెయ్యనివ్వకూడదు
అంటాడు.

మొన్న సెప్టెంబరులో హెలెద్ అనే ఆవిడ వచ్చింది.
పశువుల డాక్టరు దగ్గర పని.
గోళ్ల సందున ఇంకా అయోడిన్ మరక.
ఈదుతుంటే జారిపోయిందంది.
లోపల గెథిన్ అని పేరు ఉంటుందంది,
ఆ పేరు దగ్గర గొంతు సవరించుకుంది.

తాడు కట్టి, గళ్లు గీసి
మూడు ఆటులు నడిచాడు. లేదు.
నాలుగో నాడు నీళ్లు మరీ వెనక్కి పోయి
ఇసక కింది అడవి పైకి తేలింది,
వేల ఏళ్ల కిందట మునిగిన చెట్ల మొదళ్లు,
నల్లగా, తడిగా, ముట్టుకుంటే పీచులా.
అక్కడ దొరికింది.
ఒక మొద్దు వేళ్ల మధ్య,
ఎవరో తొడిగినట్టే.

ఇంటికొచ్చి బూట్లు విప్పకుండా కూర్చున్నాడు.
దొరికిందా అన్నాను.
దొరికింది.
మరి ఆ మొహం ఏమిటి?
"ఆ మొద్దుల్లో ఎవరూ ఈదరు లౌరీ. కాళ్లు చీరుకుపోతాయి.
జారిన ఉంగరం కాళ్ల దగ్గరే పడుతుంది.
ఇది విసిరింది."
మనకెందుకు అన్నాను.
మనకెందుకు అని తనూ అన్నాడు.
అని, ఫోను చేతిలో పట్టుకుని
చీకటి పడేదాకా అలాగే ఉన్నాడు.

ఆ రాత్రి అది మా ఇంట్లో నిద్ర చేసింది,
గుడ్డు పెట్టుకునే పింగాణీ గిన్నెలో.
నేను రెండుసార్లు లేచి చూశాను.
నా ఉంగరం ఆస్పత్రివాళ్లు కోసి తీశారు, వేలు వాచినప్పుడు.
టీ డబ్బాలో ఉంది, నోరు తెరుచుకుని.
దాన్ని అతికిద్దామని
ఇద్దరిలో ఎవరమూ అనలేదు ఇన్నేళ్లలో.
ఎందుకో ఆ రాత్రే గుర్తొచ్చింది.

పొద్దున హెలెద్ వచ్చింది.
వేలికి పెట్టుకోలేదు.
కోటు జేబులో వేసి గుండీ పెట్టింది.
టీ తాగింది. గొర్రెల కాన్పుల గురించి చెప్పింది.
గుమ్మం దగ్గర ఆగి
"ఎక్కడ దొరికింది?" అంది.
"మెట్ల దగ్గరే, మీరు చెప్పిన చోటే" అన్నాడు
ముప్పయ్యేళ్లలో ఒక్క తప్పుడు సిగ్నలు ఇవ్వని మనిషి.

ఫిబ్రవరిలో మళ్లీ ఫోన్.
అదే గొంతు. ఏడుపు లేదు.
మళ్లీ జారిపోయిందట.
ఫిబ్రవరిలో ఎవరు ఈదుతారు చెప్పండి.
ఈయన పెన్సిలు తీశాడు గానీ
ఏ చెయ్యి అని అడగలేదు, ఏ మెట్లు అని అడగలేదు.
"సరే" అన్నాడు, "సరే అమ్మా",
గోడ మీది పట్టిక చూడమని
నాకేసి చెయ్యి ఊపాడు.