మూలుగుద్ది గాని తిరగదు

ఫోన్లో ఆమె చెప్పింది ఒకటే మాట:
"మూలుగుద్ది గాని తిరగదన్నా."
సగం రోగం అక్కడే తెలిసింది నాకు.
నోరెత్తని మిషను వేరు, మూలిగే మిషను వేరు.
మూలుగుతుందంటే కరెంటు అందుతోంది,
మోటారు దాని తిప్పలు అది పడుతోంది,
లోపల ఏదో పట్టుకుని వదలడం లేదు.

సంతనూతలపాడు దాటాక రోడ్డు తెల్లబడుద్ది.
రాళ్ళ లారీ వెనక నా టీవీఎస్ పడిందంటే
చీమకుర్తి చేరేసరికి
నా కనుబొమ్మలకి అరవయ్యేళ్ళు.

మస్తానమ్మ ఇల్లు పాలిషింగు ఫ్యాక్టరీ గోడకి ఆనుకుని.
వాకిట్లో బట్టలుతికే బండ:
మూల విరిగిందని పారేసిన గెలాక్సీ పలక,
నలుపులో బంగారు చుక్కలు.
ఏ దేశంలో ఎవరి వంటింటికో పోవాల్సింది
ఇక్కడ సబ్బు నురగ కింద మెరుస్తా ఉంది.
"ఇది ఉండంగా మిషనెందుకమ్మా?" అన్నా, ఊరికే.
"నడుం నీదా?" అంది.

ముందు ప్లగ్గు పీకాను.
ఆ ఒక్క పాఠం నేర్పడానికి
మా షంషీర్ భాయ్‌కి ఒక వేలి గోరు ఖర్చయింది.
మూతెత్తి డ్రమ్ము చేత్తో తిప్పా.
తిరిగుంటే, బెల్టు తెగిందనుకునేవాణ్ణి,
లేదా కెపాసిటరు ఉబ్బిందని,
గంటలో తేలిపోయేది.
తిరగలా. కాలు పెట్టి తన్నిపట్టినా తిరగలా.

"మీ ఆయన జేబులో మేకేమో" అన్నా.
"జేబులు చూసే వేస్తా.
మూడుసార్లు దులిపి, గోడకేసి కొట్టి, అప్పుడు వేస్తా."
గోడ చూపించింది.
దులిపే చోట
చొక్కా అంత తెల్ల మచ్చ.

అడుగు చక్రానికి ఒకటే స్క్రూ, తుప్పు పట్టి కూచుంది.
కొబ్బరినూనె అడిగితే తలకి రాసుకునే సీసా తెచ్చింది.
పోసి, టీ తాగి, మళ్ళీ పట్టా.
ఊడింది.

కింద ఉన్నది బురద కాదు. బురదయితే కడిగేవాణ్ణి.
నాలుగేళ్ళ చొక్కాల్లోంచి జారి,
పేరుకుని, ఎండి, తడిసి, బిగిసి,
పిండి అయిన రాయి
మళ్ళీ రాయయింది.
అందులో ఒక పిన్నీసు, బడి చొక్కా గుండీ,
ఎవరూ వెతకని రూపాయి.
వేలితో రుద్దితే అక్కడా ఒక చుక్క మెరిసింది.

లోపలి గదిలో
రాత్రి డ్యూటీ దిగి పడుకున్న మాలకొండయ్య దగ్గాడు.
ఆగి, ఇంకోసారి. ఇంకాస్త అడుగు నుంచి.
ఆమె చేతిలో టీ గిన్నె, నా చేతిలో పెచ్చు.
స్క్రూడ్రైవరు కింద పడితే
ఇద్దరం దానికోసమే వంగాం.

ఉలి నా దగ్గర లేదు. ఆ ఊళ్ళో ఉలికి కరువా?
పక్కింటి వెంగయ్య తెచ్చిచ్చాడు,
కొండని కొట్టినంత కాలం కొట్టి
ఇప్పుడు మేకపిల్లని కట్టేసే ఉలి.
"మిషనుకా!" అని ఒకటే నవ్వు.
పంటి మీద గార తీసినట్టు
మెల్లిగా, గంటన్నర.
పెచ్చులు చాటలో పోస్తే
ఆమె చాట ఎత్తి చూసి, "కేజిన్నర" అంది.
రైతుబజారులో కూర్చునే మనిషి, తప్పదు లెక్క.

బిగించి, ప్లగ్గు పెట్టా.
ముందు మూలిగింది. నా పరువు ఆగిపోయింది.
తర్వాత, తిరిగింది.
ఆనందం పట్టలేక మూత తీసింది ఆమె.
ఠక్కున ఆగింది.
"పోయింది మళ్ళీ!"
"మూత తీస్తే ఆగుద్ది తల్లీ, దాని కట్టడి అది."

నాలుగొందలు చెప్పా, మూడున్నర ఇచ్చి
రెండు దోసకాయలు సంచిలో వేసింది.
"ఆయన బట్టలు ముందు బండ మీద జాడించు,
నీళ్ళు తేటబడ్డాకే ఇందులో వెయ్యి" అన్నా.
"బట్టలకైతే సరే" అంది.

నేను బండి తీస్తుంటే
చాట పట్టుకుని గోడ దగ్గరికి పోయింది.
అవతల ఫ్యాక్టరీ వాళ్ళ తెల్ల గుట్ట.
కాళ్ళ మునివేళ్ళ మీద లేచి
చాటెడూ అటు విసిరింది:
"మీది మీరే ఉంచుకోండి."
గాలి ఇటే వీస్తా ఉంది.
కొంత నా హెల్మెట్టు మీద పడింది.