సిరా వరకే

లెక్కింపైన మర్నాడు
నా హోటలు గోడ మీద సుద్దముక్కతో రాసినారు:
మా బూతులో వాళ్ళకు ఆరువందల పన్నెండు,
వీళ్ళకు నాలుగువందల నలభై,
కుట్టుమిషను గుర్తుకు
ఒకటి.

ఆ ఒకటి కింద ఎవరో రెండు గీతలు గీసినారు,
బాకీ ఎగ్గొట్టినోని పేరు కింద గీసినట్టు.

ముప్పై ఏండ్లుగా ఒక బెంచీ మీద కూర్చోని
మద్దిలేటి, ఉరుకుందు
ఆ పొద్దు ఒకే ప్లేటులో బజ్జీ తుంచుకున్నారు.
గెలిచినోడు నవ్వె, ఓడినోడు నవ్వె.
"ఎవుర్రా ఆ మొగోడు?"
"మొగోడో ఆడదో, ఊరి ఉప్పు తినే మనిషైతే కాదు."
నేనూ నవ్వినా.
ఉగ్గాని కలుపుతా, గరిటె ఆపకుండా నవ్వినా.
రెండు పార్టీలోళ్ళకూ ఒకే రేటు నా దగ్గర,
నవ్వు కూడా ఒకే రేటు.

తొలకరి పడితే మా తుగ్గలి చేలల్లో
యాడాడి మనుషులో వచ్చి
నడుములు వంచి వజ్రాలు ఏరుతారు.
అట్ల ఏరినారు ఆ ఓటును.
ముసలోళ్ళ చేతులు వణికినాయేమో అని ఒకరు,
బళ్ళారి నుంచి వచ్చిన కొత్త కోడలికి
గుర్తులు తెలీవేమో అని ఒకరు.
చివరికి ఊరు తెలివిగా తేల్చింది:
గుర్తు కుట్టుమిషను,
ఊళ్ళో మిషను ఉండేది కుళ్ళాయమ్మకే.
ఇంగేం కావల్ల సాక్ష్యం?

తెల్లారేసరికి ఆమె గడపకు
తుప్పు పట్టిన మిషను చక్రం వేలాడింది, బంతిపూల దండతో.
పిల్లోళ్ళు బడికి పోతా పోతా
టకటకటక అని నోటితో తొక్కినారు.
ఊరి జాకెట్లన్నీ గుంతకల్లుకు బస్సెక్కినాయి.
బూతంటే మా ఊళ్ళో రెండర్థాలు,
ఆమె పేరు రెండో అర్థంలోకి పోయింది.

"సుంకులమ్మ గుడి ముందర ప్రమాణం చెయ్,
నేను కాదని చెప్పు, ఇడిసిపెడతాం" అన్నాడు మద్దిలేటి.
ఆమె మెడలో టేపు తీయలేదు.
ఎడమచెయ్యి చాపి చూపుడువేలు చూపించింది,
గోరు మీద ఇంకా నల్లగా.
"మీకు చూపించాల్సింది ఈ సిరా వరకే నాయనా.
వేసినానంటే మీకు నవ్వు,
వేయలేదంటే
రేపు ఇంకో గడపకు చక్రం కడతారు."

ఆమె కాదని నాకు తెలుసు.
ఉన్నది ఒక్క ఓటు.
అది ఎవరిదో తెలిసినోన్ని
ఊరంతటిలో నేనొక్కన్నే.

ఆ పార్టీవాడు మా ఊరికి రానేలేదు.
వాళ్ళ కాగితం పత్తికొండ సంతలో
శనక్కాయల పొట్లమై నా చేతికొచ్చింది.
ఉప్పంటుకున్న నాలుగు లైన్లు,
రెండు అక్షరాలు తప్పు, ఒక మాట నిజం.
ఏ మాట అని అడగద్దు.
గెలుస్తాడని కాదు, గెలవల్లని కూడా కాదు.
ఆ అట్టముక్క చాటున
నన్నెవురూ చూడని అర నిమిషం
ఎన్నాళ్ళకో దొరికింది,
దాన్ని ఖర్చు పెట్టుకున్నా.

నాలుగో రోజు రాత్రి, హోటలు మూసి
చినగని చొక్కా ఒకటి చించుకొని పోయినా.
వాన మొదలైంది.
ఆమె సూదిలో దారం ఎక్కిస్తాంది.
"అక్కా, ఆ ఓటు..." అన్నా.
"చెప్పద్దు" అనింది తలెత్తకుండా.
"చెప్తే నాకు తెలుస్తాది.
తెలిస్తే అడిగినోళ్ళకు అబద్ధమాడల్ల.
ఇప్పుడైతే ఊరికే ఉండచ్చు.
ఈ చొక్కా కావాలని చించినావు,
నూలు తెగిన తీరు చూస్తే తెలీదా?
పది రూపాయలు."

పదిచ్చి బయటికొచ్చినా.
గుడారాల కాడ అప్పుడే టార్చిలైట్లు.
తెల్లారితే చేనంతా వంగిన నడుములే.
ఎవునికో ఒకనికి దొరుకుతాది.
దొరికినోడు దొరికిందని చెప్పడు,
పిడికిలి మూసుకొని మామూలుగా నడిచిపోతాడు.
మా పక్క దాన్నెవురూ తప్పనరు.