గాజు పలక

"రెండూ అవసరమా ఖాజా గారూ?
టైఫాయిడుది ఒకటి చాలదా?" అన్నాడు గాలెయ్య.
గోళ్ళ సందుల్లో పలకరాయి దుమ్ము.
జేబులో నాలుగు మడతలు పెట్టిన మూడు వందలు,
అందులో అరవై తిరుగు ఆటోకి.

కాశమ్మ బిడ్డను ఒళ్ళో పొదువుకుని
మూడు వారాల జ్వరానికి లెక్క చెప్పింది:
ఆర్ఎంపీ సూదులు ఐదు,
దర్గా తాయెత్తు ఒకటి,
రాత్రిళ్ళు కాళ్ళు పీకుతున్నాయని ఏడుపు.
ఒంటి మీద నల్లమచ్చలా?
"బళ్ళో యాడో పడుంటదిలే సార్."

పడితే మోకాలు కదా కొట్టుకునేది,
వీపు మీద ఎందుకుంటాయి?
అడగలేదు. అడగడం నా పని కాదు.
"రెండోదానికి డబ్బులు తర్వాత ఇద్దువులే" అన్నాను.

కేశవి. ఆడ. ఆరేళ్ళు.
ఊదా మూత సీసా.
సూది దిగితే ఏడవలేదు,
సీసాలోకి దిగుతున్నదాన్నే చూస్తూ
"ఏంది, నీళ్ళు కలిపినట్టుంది" అంది.

మిషన్ ఒక్క నిమిషంలో చెప్పేసింది.
తెల్లకణాలు ఎనభై నాలుగు వేలు.
పక్కన ఒక నక్షత్రం గుర్తు.
మళ్ళీ పెట్టాను. మూడోసారీ పెట్టాను.
నమ్మలేక కాదు,
ఒక్కసారైనా అబద్ధం చెప్పకపోతుందా అని.

రెండేళ్ళ కిందట ఒక పిల్లోడు, తర్లుపాడు.
ప్లేట్‌లెట్లు తక్కువ.
డెంగీ రోజులు, బల్ల ముందు నలభై మంది.
నక్షత్రం వాడికీ వచ్చింది.
కాగితం మడిచి ఇచ్చేశాను.
ఆ రిజిస్టరు బీరువా పైనే ఉంది.
దించను. పారెయ్యను.

అందుకని ఒక చుక్క
గాజు పలక మీద పెట్టి
ఇంకో పలక అంచుతో లాగాను.
రంగు పట్టడానికి ఎనిమిది నిమిషాలు.
ఆ ఎనిమిది నిమిషాలూ కేశవి
బెంచీ మీద కాళ్ళు ఊపలేదు.
ఆ వయసు పిల్ల కాళ్ళు వేలాడేసుకుని
ఊపకుండా కూర్చుంటే
రిపోర్టు దేనికి?

మైక్రోస్కోపులో ఎప్పుడూ సంత కనిపిస్తుంది:
ఎర్రవి గుంపులు గుంపులుగా,
తెల్లవి అక్కడొకటి ఇక్కడొకటి, ఏ రెండూ ఒక తీరున ఉండవు,
మధ్యలో చిల్లర పారబోసినట్టు ప్లేట్‌లెట్లు.
ఇందులో అన్నీ ఒకటే.
పెద్దవి, నిండా కేంద్రకంతో ఉబ్బినవి,
ఏ పనీ నేర్చుకోకుండానే ఊళ్ళోకి దిగినవి.
కొత్త పలక చేతికిస్తే
ఒకే అక్షరం దిద్ది దిద్ది దిద్ది
ఇంకో అక్షరానికి చోటు లేకుండా చేస్తారే పిల్లలు,
అట్లా.
ఇది ఉమ్మి పెట్టి తుడిస్తే పోయే పలక కాదు.

పలక మీద ఉన్నదాన్ని
నేను పలకకూడదు.
డాక్టరమ్మకు ఫోన్ చేసి
అంకెలు చెప్పాను, చూసింది చెప్పాను.
అవతల కాసేపు ఫ్యాను చప్పుడే.
"వాళ్ళని ఇంటికి పోనివ్వకు ఖాజా."

"టైఫాయిడేనా?" అన్నాడు గాలెయ్య.
"కాదు. అమ్మగారు పిలుస్తున్నారు, పోండి."
కాదన్నందుకు
అతని మొహం విప్పారింది.
అన్నీ మింగాను గానీ
అది ఇప్పటికీ నాకు అరగలేదు.

ఆ రాత్రే గుంటూరు రైలెక్కారు.

ఇప్పుడు పదిహేను రోజులకోసారి వస్తుంది.
నడి మే నెలలో ఊలు టోపీ.
చెయ్యి తనే చాపి
ఏ నరం మంచిదో నాకు చూపిస్తుంది.
కాగితం బయటికి రాగానే లాక్కుని
"నాకెన్నొచ్చాయి?" అంటుంది.
రెండు వేల ఆరు వందలు.
"పోయినసారి కంటే ఎక్కువే."
"పాసా?"

ఈ పరీక్ష ఇంకా రెండేళ్ళుందని గాలెయ్యకు తెలుసు.
నా వైపు చూడడు.
టోపీకి అంటిన దుమ్ము దులుపుతూ ఉంటాడు,
దుమ్ము అంటిన
ఆ చేత్తోనే.