అర సెకను

పాలకొల్లు దాటాక, చించినాడ వంతెనకి ఇవతల,
కాలవ గట్టుకి ఆనుకుని ఒక రేకుల షెడ్డు.
బోర్డు లేదు.
"బొంతు ఏసోబు షెడ్డెక్కడండీ?" అని అడిగితే
టీకొట్టాయన చెయ్యి చూపించడు.
"ఇంజనాపి, కాసేపు వినండి," అంటాడు.

షెడ్డులో తెల్ల ఎస్టీమ్. నాకంటే రెండేళ్లు పెద్దది.
కుడి తలుపు మీద రొయ్యల మేత కంపెనీ స్టిక్కరు
పీకేసిన చోట జిగురు మరక.
రోడ్డు మీద ఎవరూ రెండోసారి చూడరు దాన్ని.

మొన్న చెరువులోళ్ల అబ్బాయి
ఏనుగంత బండి తోలుకొచ్చాడు.
వెనక రెక్క, పొట్ట కింద నీలం దీపాలు,
గొట్టంలోంచి దీపావళి.
"దీన్ని ట్యూనర్ చెయ్యాలి. ఎంతవుద్ది?"
ఏసోబు బానెట్టెత్తాడు.
లోపల ఒక్క నట్టు మీద కూడా పానా గీత లేదు.
మెల్లిగా దించేశాడు.
"పెళ్లికొడుక్కి నగలన్నీ పెట్టేరండి.
ఊపిరాడతందో లేదో ఎవరూ అడగలేదు."

"మరి మీ డొక్కు బండో?
అది ట్యూనరా?"

"ఆయ్," అన్నాడు ఏసోబు.
అంతే. పానాలు తుడుచుకుంటూ లోపలికెళ్లిపోయాడు.
మిగతాది నేను చెప్పాలి కాబోలు,
నాకు చేతనైనంతలో.

పదమూడు వందల సీసీ. కంపెనీ ఇచ్చిందంతే.
ఇచ్చినదాంట్లోనే అది ఎంత దాచుకుందో
బతిమాలి, గదమాయించి, రాత్రుళ్లు మేలుకుని
బయటికి రప్పించుకోవడం.
శివారు చేనుకి నీళ్లందకపోతే
కొత్త గోదారి తవ్వుతామా?
కాలవలో దిగి గుర్రపుడెక్క లాగుతాం.
సిలిండర్ హెడ్డులో గాలి నడిచే దారిని
గరుకు కాగితంతో పదకొండు రాత్రులు రుద్దాం.
నా వేళ్ల ముద్రలు అరిగిపోయి
రేషన్ షాపు మిషను నన్ను గుర్తుపట్టలేదు.

ఆ చెవి ఆయనకి బళ్ల దగ్గర రాలేదు.
పన్నెండేళ్లు రొయ్యల చెరువుల మీద రాత్రి కాపలా.
కరెంటు పోతే జనరేటరు అందుకోవాలి.
అందుకోకపోతే తెల్లారేసరికి
పంటంతా తెల్లగా తేలుతుంది.
నీళ్లు కొట్టే చక్రాల మోతలో
ఏది మూలుగుతోందో, ఏది అలిగిందో
మంచం దిగకుండా చెప్పేవాడట.
ఇప్పుడు కంప్యూటర్ మ్యాపు మార్చినా అంతే.
తెర మీద అంకెలు నేను చూస్తాను,
ఆయన కళ్లు మూసుకుంటాడు.

మార్చిలో కవాటాలు వంగిపోయాయి.
టైమింగ్ బెల్టు ఒక్క పన్ను తప్పించింది నేనే.
హెడ్డు అరగదీసి కంప్రెషన్ పెంచామేమో,
పిస్టన్లు ఊరుకోలేదు.
తిట్టలేదు. వంగిన కవాటం ఒకటి నా చేతిలో పెట్టి
"ఉంచుకోవే సువార్తా," అన్నాడు.
నా తాళాలగుత్తికి వేలాడుతోంది.

లాకుల దగ్గర బయల్దేరి వంతెన మొదలుదాకా,
తెల్లవారుజామున, కొబ్బరి లారీలు రాకముందు.
గట్టు మీద దీనమ్మత్త, చేతిలో స్టాప్‌వాచీ,
నెత్తిన కొంగు, నోట్లో ఆవలింత.
పోటీకి ఇంకో బండి లేదు.
నిన్నటి మా బండే.
మూడో గేరులో ఐదు వేలు దాటాక
ఆ గొంతు మారుతుంది చూడండి,
అరుపు కాదది,
నాదస్వరాయన పీక మార్చుకున్నాక
మొదటి ఊపిరి పట్టినట్టు.

అర సెకను తగ్గింది.
"ఆర్నెల్లకి అర సెకనా?
దాన్ని పులుసు పెట్టుకుంటావా?" అంది అత్త.
ఏసోబు నవ్వాడు.
జవాబు నాకూ తెలీదు.
ఆ అర సెకనులో ఏమీ పట్టదు,
ఒక రెప్పపాటు, సగం మాట.
అయినా అది మునుపు లేదు.
మేము పుట్టించాం.

రాత్రి షెడ్డు బయట మంచాలేసుకున్నాం.
కాలవ అవతల చెరువుల్లో చక్రాల మోత.
అందులో ఒకటి గీరుకుంటోంది.
లేచి కూచున్నాను.
"నాలుగో చెరువు. బేరింగు," అన్నాను.
ఆయన నిద్రపోతున్నాడనుకున్నాను.
"మూడోది," అంది దుప్పటి.

టార్చి పట్టుకుని గట్టెమ్మట వెళ్లి చూశాను.
మూడోదే.
కానీ, బేరింగే.