పదకొండో ప్రశ్న

విద్యానగర్‌లో మూడో అంతస్తు, లిఫ్టు లేదు.
ఎక్కి రాగలిగినవాళ్లనే చూస్తారేమో ఈ డాక్టరమ్మ.

యాదగిరి గొట్టం చేతికిచ్చాడు.
"ఊదండి మేడమ్, ఇంకా, ఇంకా, ఇంకా..."
పెళ్లి బ్యాండు మేస్త్రీలా చేతులూపుతూ.
కాగితం మీద నా ఊపిరి
గుట్టెక్కి దిగిన మేకలా గీత గీసింది.

ముక్కు మూసి గాలి బిగబట్టమన్నారు డాక్టర్ కౌసర్ జబీన్.
చెవిలో లైటు వేసి, "పర్దా కదులుతోంది, మంచిదే."
తర్వాత మామూలుగా, పెన్ను మూత తీస్తూ,
"నీళ్లలో జోడీ ఎవరు?"

"ఎవరూ లేరు. అందుకే వచ్చాను."

కింద వీధిలో బోరు లారీ మొదలైంది.
మా ఊళ్లో లోతంటే అదే కదా.
పోయినేడు మా అపార్ట్‌మెంటువాళ్లు పన్నెండు వందల అడుగులు దింపారు,
తెల్లటి రాతిపొడి తప్ప ఏమీ రాలేదు.
నేనడిగేది డెబ్బై అడుగులే డాక్టర్,
నీళ్లున్న చోట.

జోడీ ఉండేది. సుభాషిణి.
నేత్రాణి దగ్గర, తన గాలి తన దగ్గరుండగానే
నా నోట్లోది లాక్కుంది.
అవి నాకు తెలిసిన కళ్లు కావు.
పైకొచ్చాక ఒకే తువ్వాలు కప్పుకుని కూర్చున్నాం పడవలో.
ఇప్పటికీ ఫోన్ చేస్తుంది. నీళ్ల మాట ఎత్తదు.

అప్పట్నుంచీ అన్నీ రెండేసి కొన్నాను.
రెండు మాస్కులు, రెండు కత్తులు,
వీపున ఒక సిలిండరు, చంకలో బిడ్డలా ఇంకొకటి.
గచ్చిబౌలి కొలనులో, పిల్లల ఈత క్లాసు అయ్యాక,
కళ్లు మూసుకుని ఒకదాన్నొదిలి
రెండోదాన్ని తడుముకోవడం నేర్చాను.
రెండో గుండె మాత్రం కోఠీలో అడిగినా దొరకదు.

ఫారంలో ఇరవై రెండు ప్రశ్నలు.
ఉబ్బసం: లేదు. మూర్ఛ: లేదు. చెవి ఆపరేషన్: లేదు.
పదకొండు: ఈ ఏడాదిలో ఎప్పుడైనా కళ్లు తిరిగాయా?
లేదు. చేతివేగం అలాంటిది.

ట్రెడ్‌మిల్ మీద తొమ్మిదో నిమిషంలో
అమీర్‌పేట మెట్రో మెట్లు గుర్తొచ్చాయి.
లోకం అంచులు నల్లబడ్డాయి ఆ రోజు,
రెయిలింగు పట్టుకుని ఫోన్ చూస్తున్నట్టు నటించాను.
ఎవరో కుర్రాడు, "ఆంటీ, ఓకేనా?"
ఓకే అన్నాను.
టిఫిన్ తినలేదు, అదే అనుకున్నాను.

"బాగానే ఉంది," కాగితం చూసి అన్నారు డాక్టర్.
స్టాంపు డబ్బా తెరిచారు. ఊదారంగు సిరా.

డెబ్బై అడుగుల కింద ఆ కుర్రాడుండడు.
ఓకేనా అని అడిగేదీ నేనే,
ఓకే అనేదీ ఈ నోరే.

"ఒక్క నిమిషం, ఆ ఫారం ఇవ్వండి."
లేదు కొట్టేసి, పక్కన సన్నగా రాశాను:
ఒకసారి. మార్చిలో. మెట్ల మీద.

ఆమె ఏమీ అనలేదు. సిరా డబ్బా మూత పెట్టి,
"ఒకరోజు గుండెకి మిషన్ కడదాం.
అప్పటిదాకా కొలను కూడా వద్దు."

ఛాతీ నిండా అతుకులు, వైర్లు, నడుముకి డబ్బా.
మెట్లు లెక్కపెట్టుకుంటూ దిగాను. యాభై నాలుగు.
బోరు లారీ దగ్గర ఎవరో అరిచారు, "తడి తగిలింది!"
బూడిదరంగు బురద నా చెప్పుల దాకా పాకింది.
అక్కడే నిలబడిపోయాను.
నడుం మీది డబ్బా
దాన్ని కూడా రాసుకునే ఉంటుంది.