సగం అమాస

దేవరకొండ గుట్ట కింద
దస్తగిరి స్టూడియో మూసిన నాడు
నా పాలికొచ్చింది ఒక చెక్కపెట్టె.
గాజు పలకలు, నడుమ నడుమ పాత ఉర్దూ పేపర్లు.

దస్తగిరి తాత చెప్పేటోడు:
చీనాల, కాంటన్ అనే రేవుల
ఫోటో కొత్తగ దిగిన కాలంల
గిరాకీలు కొట్లాటకు వచ్చెటోళ్లట.
"రెండు చెవులూ రావాలె.
ముక్కు పక్కన ఆ మసి ఏంది?
మొకం కడుక్కొనే వచ్చిన గద!"
గోడకెక్కినంక
అది బొమ్మ కాదు, ఇంటి పెద్ద.
ఒంటిచెవి పెద్ద
మనుమల మొర సగమే ఇంటడు.

ఆయనకెవరు చెప్పిన్రో అడగలే.
పట్నంల పండ్లు కట్టే చీనాయనతోని
దోస్తానా ఉండెనని మాత్రం ఎరుక.

చింతపల్లి ఈదమ్మ ఆ కథ ఇన్నది కాదు.
ఫోటో తెచ్చి బల్ల మీద ఇసిరింది:
"ఏం సాయబూ, రూపాయిన్నర తీస్కొని
మొకంల సగం అమాస పెట్టినవ్?
రేపు పెత్రమాసకు నా కొడుకు
ఏ సగానికి బువ్వ పెట్టాలె?
గంటీలు రెండు చేపిస్తి, ఒకటే కనవడె!"

తాత నవ్వలే.
కిటికీ తెర జరిపి మళ్ల కూసోవెట్టిండు,
ఎదురుగ, పటంల దేవుని లెక్క.
ఊపిరి బిగవట్టమన్నడు.

ఆ రెండోది వాళ్లింట్ల ఉన్నది, అద్దంల, పసుపెక్కి.
మొదటిది నా పెట్టెల.
ఇయ్యాల దాన్ని ఆకాశానికి పట్టి చూసిన.
గాజు మీద అంతా ఉల్టా:
కొప్పు తెల్లగ, గంటీ నల్లగ.
ఆమె తిట్టిన ఆ సగంలకెల్లే
దేవరకొండ ఎండ
నా కండ్లల్ల పడుతున్నది.